ఒక్కరైనా పలకరేం?

ముందు జరిగింది గబగబా చెప్పేస్తాను. పరువు పోయింది అక్కడ కాదు కాబట్టి.

ఫెడివర్స్‌లో, అంటే ఎవరి సర్వర్ వారు నడుపుకుంటూ ఒకరితో ఒకరు కలిసే సోషల్ మీడియాలో, ఒక హ్యాష్‌ట్యాగ్ మొదలుపెట్టాను. #నాకిటికీ. ఎవరి కిటికీలోంచి ఏం కనబడితే దాన్ని ఫోటో తీసి, ఈ ట్యాగ్ తగిలించి పెట్టాలి. అంతే ఆట. నా ఫోటోలో ఎదుటి గోడ తప్ప ఏమీ లేదు, అయినా పెట్టాను. "మీరూ పెట్టండి, ట్యాగ్‌ని ఫాలో అవండి, అందరివీ చూద్దాం" అని పిలుపునిచ్చి, అందరికంటే ముందు నేనే ఫాలో నొక్కాను. బటన్ రంగు మారింది. బటన్ అంత ధీమాగా రంగు మార్చుకుంటే పని అయిపోయిందనే కదా ఎవరైనా అనుకుంటారు.

తర్వాత ఏమీ రాలేదు. ట్యాగ్ పేజీ తెరిస్తే నా గోడ. కిందికి లాగి వదిలితే మళ్లీ నా గోడ. పడుకునే ముందు చూశాను, లేచాక పళ్లు తోముకోకుండా చూశాను. నా గోడ ఒక్కటే. ఆ గోడ మీద పెచ్చు ఊడిన చోటు ఏ ఆకారంలో ఉందో ఇప్పుడు కళ్లు మూసుకుని గీయగలను.

అప్పుడు ఒళ్లు మండి ఇంకో పోస్టు రాశాను. దాన్ని ఇక్కడ మళ్లీ రాయడం నాకు ఇష్టం లేదు, కానీ ఎలాగూ స్క్రీన్‌షాట్లు తిరుగుతున్నాయి కాబట్టి రాస్తున్నాను: "కిటికీ తెరిచి ఒక్క ఫోటో తీసే తీరిక ఎవరికీ లేదన్నమాట. ఇంతమంది ఉన్న చోట ఒక్కరైనా పలకరేం? సరదాకి కూడా బతిమాలించుకునే జనం మధ్య పడ్డాను." చివర అలవాటు కొద్దీ ట్యాగ్ కూడా తగిలించాను.

కాసేపటికి ఎవరో జవాబిచ్చారు. "మీరు జోక్ చేస్తున్నారాండీ?" అని. కింద ఒక లింకు. వాళ్లుండే సర్వర్‌లో ఇదే ట్యాగ్ పేజీ. లాగిన్ కాకుండానే తెరుచుకుంది.

అన్నిటికంటే పైన నా తిట్టు ఉంది. కొత్తది పైన, పాతది కింద వచ్చే పేజీ కదా. దాని కింద ఒక కిటికీ. దాని కింద ఇంకో కిటికీ. వాన పడుతున్న కిటికీ, విమానం కిటికీ, అద్దానికి ముక్కు ఆనించిన పిల్లి ఉన్న కిటికీ, రెండు కొమ్మలు అడ్డొస్తే వాటికి క్షమాపణ చెప్పుకున్న కిటికీ. వేలు నొప్పి పుట్టేదాకా కిందికి వెళ్లాను, కిటికీలు అవలేదు. అట్టడుగున, పునాది రాయిలాగా, నా గోడ.

ఇంతవరకూ ఎలాగో ఓర్చుకోవచ్చు. నా తిట్టుకి సరిగ్గా కింద ఉన్న ఫోటో దగ్గరే నేను ఆగిపోయాను. ఆ మనిషి పనిచేసేది నేలమాళిగలోనట. అక్కడ కిటికీ లేదు. "నాకు కిటికీ లేదండీ, కానీ మీరు అంత ప్రేమగా అడిగారు కాబట్టి గీశాను" అని రాశారు. గోడ మీద సుద్దముక్కతో నిలువెత్తు కిటికీ. ఊరికే నాలుగు గీతలు గీసి వదల్లేదు. రెక్కలకి గడియలు పెట్టారు. కర్టెన్‌కి మడతలు పెట్టారు. గట్టు మీద పూలకుండీ, ఆ కుండీ నీడ, ఎండ ఎటు నుంచి వస్తోందో లెక్క చూసుకుని మరీ వేసిన నీడ. బయట ఒక కొండ, కొండ మీద చెట్టు, చెట్టు మీద పిట్ట. ఆ పిట్ట ఇటే చూస్తోంది. పైగా చూపు లేనివాళ్లు కూడా తెలుసుకోవాలని ఆల్ట్ టెక్స్ట్‌లో ఈ బొమ్మంతా పూసగుచ్చినట్టు వర్ణించారు, పిట్టతో సహా. ఫెడివర్స్‌లో చాలామంది ఈ మర్యాద పాటిస్తారు. నా గోడకి నేను ఆల్ట్ టెక్స్ట్ రాయలేదు, అది వేరే సంగతి.

ఆ బొమ్మ పెట్టిన కొద్ది నిమిషాలకే నా పోస్టు దిగింది. పై నుంచి చదువుకుంటూ వచ్చేవాళ్లకి ఎలా కనబడుతుందో ఊహించుకోండి. ఒక మనిషి చేతులకి సుద్ద అంటించుకుని, మెట్లెక్కి, లేని కొండని పుట్టించాడు. దాని నెత్తిన నేను కూర్చుని "తీరిక లేదన్నమాట" అంటున్నాను.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. ఇక్కడ శంఖం అందరికీ వినబడింది, ఊదిన మనిషికే చెవుడు.

ఎందుకిలా జరిగిందో వివరించడానికి ఒక పెద్దమనిషి వచ్చారు. అడక్కుండానే వచ్చారు. ప్రతి సర్వర్‌లోనూ ఇలాంటివారు ఒకరుంటారనుకుంటాను, మా సర్వర్‌లో ఏమీ రాకపోయినా వీరు మాత్రం వచ్చేస్తారు. "మీకు ఫెడరేషన్ అర్థమైనట్టు లేదు" అని మొదలుపెట్టి పదకొండు భాగాలు రాశారు. మొదటి భాగం 2007లో మొదలైంది. ఆ ఏడాది ఆగస్టులో క్రిస్ మెస్సీనా అనే ఆయన ట్విట్టర్‌లో మాటకి ముందు # పెడదామని సూచించాడు. అక్కడ పోస్టులన్నీ ఒకే కంపెనీ గిడ్డంగిలో ఉంటాయి, వెతికితే దొరుకుతాయి. ఇక్కడ అలా కాదు. వేల సర్వర్లు, వేల గిడ్డంగులు. 2018లో వెబ్ ప్రమాణాలు ఖరారు చేసే డబ్ల్యూ3సీ అనే సంస్థ ప్రమాణంగా ప్రకటించిన యాక్టివిటీపబ్ అనే పద్ధతిలో అవి ఒకదానికొకటి పోస్టులు పంపుకుంటాయి. ఇదంతా నాలుగో భాగం దాకా.

అసలు ముక్క ఏడో భాగంలో ఉంది. మనం ఒక మనిషిని ఫాలో అయితే మన సర్వర్ వెళ్లి ఆ మనిషి సర్వర్‌కి చెబుతుంది, అప్పట్నుంచి వాళ్ల పోస్టులు మనకి వస్తాయి. ట్యాగ్‌ని ఫాలో అయితే మన సర్వర్ ఎవరికీ చెప్పదు. ఎవరికని చెబుతుంది? ట్యాగ్‌కి చిరునామా లేదు. కాబట్టి ఎలాగోలా మన సర్వర్‌కి చేరిన పోస్టుల్లో ఆ ట్యాగ్ ఉన్నవాటిని ఏరి చూపిస్తుంది, అంతే. మన సర్వర్‌లో ఎవరో ఒకరు ఆ రాసినవారిని ఫాలో అవుతుండాలి. లేదా మనవాళ్లు ఫాలో అయ్యేవారు దాన్ని బూస్ట్ చెయ్యాలి, అంటే తమ ఫాలోయర్లకి మళ్లీ పంచాలి. లేదా సర్వర్ ఏదైనా రిలేకి, అంటే చాలా సర్వర్ల పోస్టుల్ని పోగేసి అందరికీ పంపే మధ్యవర్తికి, తగులుకుని ఉండాలి. మాది చిన్న సర్వర్. ఉన్న నలుగురం ఒకరినొకరం ఫాలో అవుతాం.

ఇది ఏడో భాగంలో కాక ఆ బటన్ పక్కన ఒక్క వాక్యంగా రాసి ఉంటే ఏం పోయేదో నాకు తెలీదు. ఫెడివర్స్‌లో సర్వర్లు నడిపే సాఫ్ట్‌వేర్ మాస్టొడాన్ 4.0తో, 2022 నవంబరులో, ట్యాగ్‌ని ఫాలో అయ్యే సదుపాయం వచ్చిందని ఎనిమిదో భాగంలో ఎంతో సంబరంగా రాశారు. నేనూ సంబరపడ్డాను.

మరి నా తిట్టు అన్ని సర్వర్లకీ ఎలా వెళ్లిందంటే, లక్షణంగా బూస్ట్ అయింది. వేలమంది ఫాలోయర్లున్న ఒకరికి అది నచ్చింది.

వెంటనే డిలీట్ కొట్టాను. మా సర్వర్‌లో పోయింది. ఆ సుద్దబొమ్మ ఉన్న పేజీ తెరిచాను. ఉంది. ఇక్కడ డిలీట్ అంటే ఆజ్ఞ కాదు, విన్నపం. "ఫలానా పోస్టు తీసేశాం, మీరూ తీసెయ్యగలరు" అని కబురు వెళుతుంది. కబురు అందినవాళ్లు తీసేస్తారు. అందనివాళ్ల దగ్గరా, పట్టించుకోని సాఫ్ట్‌వేర్ దగ్గరా అది హాయిగా ఉంటుంది. నాకు అందాల్సిన ఫోటోలు ఏవీ అందలేదు, నా నోటి దురుసు మాత్రం దేశదేశాల్లో స్థిరపడింది.

మా సర్వర్ అడ్మిన్‌కి రాశాను, రిలే పెట్టండని. "పెట్టొచ్చండీ, కానీ డిస్క్ నిండిపోతుంది" అన్నారు. మంచి మనిషి, సొంత డబ్బుతో నడుపుతున్నారు, గట్టిగా అడగలేను. కాబట్టి ఒక్కో కిటికీ లింకునీ కాపీ చేసి, మా సర్వర్ సెర్చ్‌లో అతికించి, ఒక్కోదాన్నే పట్టుకొచ్చాను. అలా అతికిస్తే పోస్టు వస్తుంది. ఫోటోలు చూడాలంటే ఇంత కూలిపని అనుకోలేదు.

పట్టుకొస్తుంటే ఇంకో సంగతి బయటపడింది. కొందరు #నా_కిటికీ అని పెట్టారు. అది వేరే ట్యాగ్. కొందరు దీర్ఘం మింగేసి #నాకిటికి అన్నారు. అది మూడో ట్యాగ్. కొందరు మధ్యలో ఖాళీ వదిలారు, దాంతో ట్యాగ్ #నా దగ్గరే తెగిపోయింది. ఆ #నా పేజీ ఒకసారి చూడండి, ఎవరి గోల వారిదే. ఒకరేమో అంతా సరిగ్గా రాసి పోస్టుని పబ్లిక్‌గా కాక అన్‌లిస్టెడ్‌గా పెట్టారు. అలాంటివి ట్యాగ్ పేజీల్లోకి రావు. బ్లూస్కై అనే వేరే సోషల్ మీడియా వైపు ఉన్న స్నేహితురాలు కూడా పెట్టానంది. వాళ్లది ఏటీ ప్రోటోకాల్ అనే వేరే పద్ధతి. మధ్యలో బ్రిడ్జీ ఫెడ్ అనే వంతెన ఉంది కానీ, ఖాతాదారు ఒప్పుకుంటేనే ఆ పోస్టులు ఇటు దాటుతాయి. తను ఒప్పుకోలేదు. నా పోస్టు చూశాక ఇక ఒప్పుకోనంటోంది.

సుద్దబొమ్మ వేసిన మనిషికి క్షమాపణ రాశాను. వారు ఏమీ అనలేదు. ఇంకో బొమ్మ పెట్టారు. అదే గోడ, అదే కుండీ. కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. ఆల్ట్ టెక్స్ట్‌లో "పిట్ట వెళ్లిపోయింది" అని ఉంది.

దీనికి ఏమని జవాబివ్వాలా అని తంటాలు పడుతుండగా పెద్దమనిషి పన్నెండో భాగం వచ్చింది. "కొత్తవారు తరచూ చేసే పొరపాట్లు" అని శీర్షిక. ఉదాహరణకి నా తిట్టు స్క్రీన్‌షాట్, నా పేరుతో సహా. ఆల్ట్ టెక్స్ట్‌లో అక్షరం పొల్లుపోకుండా మళ్లీ రాశారు.

ఆయన్ని మ్యూట్ చేశాను. ఆ బటన్ మాత్రం ఒక్క నొక్కుకే పనిచేసింది.