మూత విప్పిన మహానుభావులు

రేడియో సిగ్నలు బలాన్ని పెంచే గ్రౌండెడ్ గ్రిడ్ యాంప్లిఫైయరుకు మూత ఎందుకు బిగిస్తారో మన హ్యామ్ (అభిరుచి కొద్దీ రేడియో నడిపే) మిత్రులలో ఒక వర్గానికి ఎంత ఆలోచించినా అంతుపట్టడం లేదు. నారింజ రంగులో మెరిసే రెండు 3-500జడ్ రకం గాజు వాక్యూమ్ ట్యూబులను రేకు పెట్టెలో దాచడం అపచారమని తీర్మానించి, వారు ముందుగా మరలు విప్పారు. మూత తీయగానే కరెంటు ఆగిపోతున్నదని గ్రహించి, ఇంటర్‌లాక్ స్విచ్చు మీటను అగ్గిపుల్లతో నొక్కిపెట్టి, పైన ఇన్సులేషన్ టేపు చుట్టారు. డిజైనరు తెలివి ఒక పుల్ల ముందు ఓడిపోయిన ఈ చారిత్రక ఘట్టాన్ని వీడియో తీయకుండా ఉండడం సాధ్యమా?

గదిలో దీపాలు ఆర్పుతారు. మైకులో ఈల వేస్తారు. ట్యూబుల్లోని ప్లేట్లు, అంటే ఆనోడ్లు, మెల్లగా ఎర్రబడతాయి. అప్పుడు వ్యాఖ్యానం మొదలవుతుంది: డ్రైవ్ (లోపలికి వచ్చే సిగ్నలు) ఎలక్ట్రాన్లను వెదజల్లే కేథోడ్‌కు అందుతుందనీ, ఛాసిస్‌కు (లోహపు చట్రానికి) కలిపిన గ్రిడ్ అనే తీగల జాలీ ఇన్‌పుట్‌కూ ఔట్‌పుట్‌కూ మధ్య తెరలా నిలుస్తుంది గనుక హెచ్‌ఎఫ్‌లో (3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా) సాధారణంగా న్యూట్రలైజేషన్ (ఔట్‌పుట్ తిరిగి ఇన్‌పుట్‌లో కలవకుండా చేసే సర్దుబాటు) అవసరం రాదనీ, ప్లేటు ఎర్రబడితేనే దానిపై ఉన్న జిర్కోనియం పూత ట్యూబులో మిగిలిన వాయువును పీల్చుకుంటుందనీ సెలవిస్తారు. చెప్పిందంతా అక్షరాలా నిజమే. చెబుతున్న చూపుడువేలు మాత్రం, ఉంగరంతో సహా, 3,000 వోల్టులున్న ఆనోడ్ టోపీ చుట్టూ ప్రదక్షిణ చేస్తూ ఉంటుంది. కొన్ని డిజైన్లలో ఫ్యాను గాలికి దారి చూపేది ఆ మూతేననీ, అది లేకపోతే ట్యూబు పిన్నుల సీళ్లు మాడిపోవచ్చుననీ గుర్తు చేయడం అరసికత అనిపించుకుంటుంది. ఇంతకూ 100 వాట్లు 1,000 వాట్లయితే పెరిగేది 10 డెసిబెళ్లు; అవతలివారి రేడియోలో సిగ్నలు బలం చూపే ఎస్-మీటరుపై రెండు ఎస్-యూనిట్లు (ఒక్కొక్కటి 6 డెసిబెళ్లు) కూడా నిండవు.

అంతవరకు సరదాగానే ఉంటుంది. ఆ తరువాత నాకు ఒళ్లు మండుతుంది. ప్లగ్గు పీకినంత మాత్రాన విద్యుత్తును నిలవ ఉంచుకునే ఫిల్టర్ కెపాసిటర్లు ఖాళీ కావు. వాటిని మెల్లగా ఖాళీ చేసే బ్లీడర్ రెసిస్టరు తెగి ఉంటే, ఆగిపోయిన యాంప్లిఫైయరు కూడా మనిషిని చంపుతుంది. 13.8 వోల్టుల రేడియోలు విప్పి చేయి తిరిగిన కుర్రవాడు ఈ వీడియో చూసి, తానూ ఒక పుల్ల దూర్చి, తానూ వేలు పెడతాడు. పొరపాటు దిద్దుకునే అవకాశం వాడికి ఉండదు. “ఇన్నేళ్లుగా నాకేమీ కాలేదు” అని మీసం మెలేసే పెద్దమనిషి వాడి తల్లికి ఏం సమాధానం చెబుతాడు? ఇది ధైర్యం కాదు, పాండిత్యమూ కాదు. నాలుగు మెప్పు మాటల కోసం ఇంకొకరి బిడ్డ ప్రాణంతో ఆడుకోవడం.

వెలుగు చూడాలనుకుంటే మూతకున్న చిల్లులలోంచి చూడండి. విప్పక తప్పకపోతే ప్లగ్గు పీకండి, హైవోల్టేజి మీటరు సున్నాకు దిగేదాకా ఆగండి, ఆ మీటరును కూడా నమ్మకుండా, ఛాసిస్‌కు తీగతో కలిపిన కొక్కేన్ని పొడవాటి ఇన్సులేటెడ్ కర్రతో పట్టుకుని హైవోల్టేజి లైనుకు తాకించండి. ఈ తంతు వీడియోలో విసుగ్గా ఉంటుందంటారా? ఉండనివ్వండి.