పగులు మాయం కాదు, బావగారూ

మూడు వారాలుగా ఒకే వీడియో నా ఫోనుకు వస్తోంది. మొదట మా బావగారు పంపారు, తర్వాత పాత సహోద్యోగి, చివరికి నాకు చెక్క అమ్మే అడితి ఆయన కూడా. లేత్ (చెక్కను గిర్రున తిప్పుతూ చెక్కే యంత్రం) మీద బిగించిన చెక్క గిన్నె అంచున పెన్సిలు దూరేంత పగులు ఉంటుంది. ఒక చెయ్యి అందులో రంపపు పొట్టు కూరి, సూపర్‌గ్లూ చుక్కలు వేసి, లేత్ తిప్పి ఉప్పుకాగితం ఆనిస్తుంది. గిన్నె అద్దంలా మెరుస్తుంది. కింద రాసిన మాటలు ఇవి: "ఎంత పెద్ద పగులైనా ఐదు నిమిషాల్లో మాయం. వెతికినా కనిపించదు. అతుకు చెక్క కంటే గట్టి. పచ్చి చెక్కకైనా పనికొస్తుంది. ముందు వేరుశనగ నూనె పట్టిస్తే మళ్లీ పగలదు. మన పెద్దల పద్ధతి ఇదే."

అనంతపురంలో మా పెరటి రేకుల షెడ్డులో ఎనిమిదేళ్లుగా లేత్ తిప్పుతున్నాను. ఇది నాకు వృత్తి కాదు, సరదా. కానీ ఈ వీడియో చెప్పినవన్నీ ఎప్పుడో ఒకప్పుడు చేసి చేతులు కాల్చుకున్నవాడిని. వరస మార్చి "పచ్చి చెక్కకైనా" అన్న మాటతో మొదలుపెడతాను, మిగతా తప్పులకు వేరు అక్కడే ఉంది.

పచ్చి దుంగలో నీరు తగ్గుతూ తగ్గుతూ చెక్క ఎండు బరువులో సుమారు 30 శాతానికి వచ్చే దాకా చెక్క కొలత మారదు. అక్కడి నుంచి కుంచించుకోవడం మొదలవుతుంది. అది అన్ని వైపులా ఒకేలా జరగదు. నిలువునా తగ్గేది లెక్కలోకి రాదు. నడి నుంచి బెరడు వైపు కొంత తగ్గుతుంది, చెట్టు వయసు చెప్పే వలయాల వెంబడి దాదాపు అంతకు రెట్టింపు తగ్గుతుంది. బుద్ధిమంతురాలని పేరున్న టేకులోనే పచ్చి నుంచి పూర్తిగా ఎండే సరికి ఇవి సుమారు 2.5 శాతం, 5.8 శాతం. ఈ తేడాను చెక్క ఎక్కడో ఒకచోట తీర్చుకోవాలి. దుంగ చివర చూడండి, పగుళ్లు బండిచక్రం ఆకుల్లా నడి నుంచి బయటికి ఉంటాయి. అంటే పచ్చి చెక్కలో మనకు కనిపించే పగులు ఇంకా పూర్తికాని పగులు. దాన్ని ఇవాళ నింపితే రేపు నింపుడు పక్కనే కొత్త సందు తెరుచుకుంటుంది.

ఎండిన చెక్కయినా కదలడం మానదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే మా ఊళ్లో ఏప్రిల్, మే నెలల గాలి అప్పడాలు ఎండబెట్టుకోవడానికి ఎంత మంచిదో చెక్కకు అంత చెడ్డది. ఆ ఎండలకు చెక్కలో నీరు ఆరు శాతం దాకా దిగవచ్చు. వానల్లో నాలుగు రోజులు ముసురు పట్టి గాలిలో తేమ నిలిస్తే అదే చెక్క మెల్లగా పన్నెండు, పద్నాలుగు వైపు ఎక్కుతుంది. ఆ తేడాకు పది సెంటీమీటర్ల వెడల్పున్న టేకు ముక్క ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా ఉబ్బగలదు.

నాకు ఈ పాఠం చెప్పింది ఒక నల్లతుమ్మ గిన్నె. మే నెలలో అంచు పగులు నింపాను, ఇదే పొట్టు, ఇదే జిగురు. వేలితో రాస్తే ఏమీ తగలలేదు. ఇంటికి వచ్చిన వాళ్లందరికీ చూపించుకున్నాను కూడా. అక్టోబరులో తుడుస్తుంటే అంచు మీద గీత తగిలింది. చెక్క ఉబ్బి పగులు మూసుకోబోతే లోపల రాయిలా గట్టిపడిన నింపుడు అడ్డుపడి, నలిగి, పైకి తన్నుకొచ్చింది. దాన్ని ఉప్పుకాగితంతో అరగదీశాను. మళ్లీ మే వచ్చేసరికి నింపుడుకు ఒకవైపు వెంట్రుక మందం సందు. మాయమైంది పగులు కాదు, నా రెండు ఆదివారాలు.

"వెతికినా కనిపించదు" అన్నది వీడియోలో నిజమే, ఎందుకంటే కెమెరా దూరంగా ఉంది, చెక్క తడిగా మెరుస్తోంది. పొట్టు అదే చెక్కది కాబట్టి రంగు కలిసిపోతుందని అనుకుంటాం. జిగురు పీల్చిన పొట్టు ముదురుతుంది, పైగా అందులో పోగుల వరస ఉండదు. చుట్టూ చెక్కలోకి పాకిన సూపర్‌గ్లూ నూనె మరకలా నిలిచిపోతుంది. తెల్ల జిగురుతో పొట్టు కలిపేవారికి ఇంకో చిక్కు: ఆ జిగురు నీటి మీద ఆధారపడింది, ఆరాక కుంగుతుంది, పాలిష్ రంగును పీల్చదు. మచ్చ మచ్చగానే ఉంటుంది. రంపం నుంచి రాలిన ముతక పొట్టు కంటే ఉప్పుకాగితం నుంచి వచ్చే మెత్తటి పొడి కొంత నయం. అదీ సన్నటి వెంట్రుక పగుళ్లకే, జిగురు చెక్కలోకి పాకకుండా, పోసే ముందు చుట్టూ పలచగా చంద్రస (చెట్టుబంక) పాలిష్ పూసుకుంటేనే.

దాచలేనప్పుడు దాచకపోవడమే మేలని నా అభిప్రాయం. ముదురు చెక్కలో కాఫీ పొడి కలిపిన ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) చెక్కలోని ముడిలా కలిసిపోతుంది. తాళంచెవులు చేసేవారి దగ్గర దొరికే ఇత్తడి రజను నింపితే పగులు బంగారు తీగలా కనబడుతుంది. అయితే ఆ రజనులో ఇనుప పొడి కలిసి ఉంటే ముందు అయస్కాంతంతో తీసేయండి. తుమ్మలో టానిన్ (వగరు పదార్థం) ఎక్కువ. ఇనుము, తడి తగిలితే చుట్టూ నల్లబడుతుంది. ఇది కూడా పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు.

"చెక్క కంటే గట్టి" అన్న మాటతో వాదించడానికి నాకు ఓపిక తక్కువ, భయం ఎక్కువ. నున్నగా చిత్రిక పట్టిన రెండు పలకలను మంచి జిగురుతో బిగించి అతికిస్తే, విరిచినప్పుడు అతుకు పక్క చెక్కే ఊడటం మామూలే. కానీ పగులు అతుకు కాదు, సందు. సూపర్‌గ్లూ పెళుసు. పైగా పొట్టులోని తేమకు అది క్షణాల్లో పైపైన గడ్డకడుతుంది, లోపల ఖాళీ ఖాళీగానే ఉంటుంది. పన్నెండు అంగుళాల గిన్నెను నిమిషానికి వెయ్యి చుట్లు తిప్పితే దాని అంచు గంటకు 57 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అంచు నుంచి అడుగు దాకా పాకిన పగులును, వలయం వెంబడి విడిపోయిన పగులును నింపి లేత్ ఎక్కించకూడదు. ఆ ముక్క పొయ్యిలోకి పోవాలి. వీడియోలో ఆ చెయ్యి యజమాని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడో లేదో కనిపించదు. మీరు పెట్టుకోండి. సూపర్‌గ్లూను నూలు గుడ్డతో తుడవడమూ మానండి, నూలు తగిలితే అది వేడెక్కి పొగ చిమ్మగలదు.

వేరుశనగ నూనె మాట మన జిల్లాలోనే ఎవరో చేర్చి ఉంటారని నా అనుమానం. అది అవిసె నూనెలా ఆరి పొరకట్టే నూనె కాదు. చెక్కలో జిడ్డుగా మిగిలి కొన్నాళ్లకు ముక్క వాసన వస్తుంది. నూనె పట్టిన చోట జిగురు పట్టదు, కాబట్టి ముందు నూనె రాయడం అంటే నింపుడు ఊడిపోవడానికి ముందే ఏర్పాటు చేయడం.

ఇక "పెద్దల పద్ధతి". ఇందులో సగం నిజం ఉంది, అదే ఎక్కువ ఇబ్బంది. కొండపల్లి బొమ్మల వాళ్లు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు, సందులు పూడుస్తారు. కానీ ఆ పైన సున్నపు పూత, రంగులు పడతాయి, లోపల ఏముందో ఎవరికీ కనబడదు. తిరుగుతున్న కొయ్యకు లక్క బిళ్ల ఆనిస్తే రాపిడి వేడికే కరిగి చిన్న నెర్రెల్లోకి పోతుంది. ఏటికొప్పాకలో బొమ్మలకు రంగు పట్టేది అలాగే. అక్కడ లక్క నింపుడు కాదు, పూతే. తరిమెన (మన పాత లేత్) పట్టే పెద్దలు నింపడం కంటే ముందు చేసిన పని ఒకటుంది, వీడియోలో దాని ఊసే లేదు: చెక్కను ఆగనివ్వడం.

దుంగ కోసిన రోజే రెండు కొసలకూ కరిగించిన మైనమో పాత పెయింటో పూయండి, కొసల నుంచి నీరు పక్కల కంటే చాలా వేగంగా పోతుంది. నడిభాగం గిన్నెలో పడకుండా దుంగను నిలువునా చీల్చుకోండి. పచ్చిగా ఉన్నప్పుడే గిన్నెను మందంగా, అడ్డం కొలతలో పదో వంతు గోడ ఉంచి తిప్పి, నీడలో పెట్టండి. వంటింటి తక్కెడలో వారానికోసారి తూచండి. బరువు నిలిచాక మళ్లీ లేత్ ఎక్కించండి. అప్పుడు మిగిలిన పగులుకు అడుగున టేపు అంటించి, నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ పోసి, ఒక రాత్రి వదిలేయండి.

బావగారు అడిగిన గిన్నె, చింత చెక్కది, ప్రస్తుతం మా షెడ్డు అలమరలో ఉంది. పగులు కొసన పెన్సిలుతో గీత గీసి తేదీ వేశాను. పగులు ఆ గీత దాటి రెండు మిల్లీమీటర్లు పోయింది. పోయిన ఆదివారం 615 గ్రాములు, నిన్న 612.