బారిటన్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బారిటన్ గారికి,

మిమ్మల్ని చూసినవాళ్లు మా వైపు లేరు కాబట్టి ముందు మీ వైభవం కాస్త చెప్పాలి. తమరు మోకాళ్ల మధ్య ఇరికించుకుని కమానుతో వాయించే వాద్యం. ముందువైపు ఆరో ఏడో పేగు తీగలు, మెడ వెనకాల ఇంకో వరస లోహపు తీగలు. వెనకవి వాటంతట అవి ప్రతిధ్వనిస్తూ ఊరుకుంటే బాగుండేది. అబ్బే! కుడిచేత్తో కమాను లాగుతూ, ఎడమచేతి వేళ్లతో స్వరాలు నొక్కుతూ, అదే చేతి బొటనవేలితో వెనక తీగల్ని మీటాలి. ఒక జీతానికి ఇద్దరి పని! మా హెచ్ఆర్ వాళ్లు చూస్తే మీ ఫొటోకి దండ వేస్తారు.

ఇంత కష్టమైనవారు బతకాలంటే ఎవరో ఒక దొరగారు సరదా పడాలి. పడ్డారు. హంగరీ ప్రభువు నికొలాస్ ఎస్టర్‌హాజీ. ఆయన కొలువులో స్వరకర్త జోసెఫ్ హైడన్ ఉద్యోగి. సింఫనీలు, అంటే పెద్ద వాద్యబృందం వాయించే కృతులు, రాసుకుంటున్న ఆ మనిషికి 1765లో ఒక మెమో వచ్చింది: ఇకనైనా శ్రద్ధగా పనిచెయ్యి, ముఖ్యంగా నేను వాయించుకునేవి రాయి, ఇప్పటిదాకా ఇచ్చింది బొత్తిగా తక్కువ అని. ఆ తర్వాత మూడు రచనలు అందగానే దొరగారు మురిసిపోయి 12 డ్యూకట్లు (బంగారు నాణేలు) ఇమ్మన్నారు. అదే ఉత్తరంలో, ఇలాంటివే ఇంకో ఆరు వెంటనే పంపమన్నారు. మంచి పనికి బహుమతి మరింత పని అన్నమాట. అలా సుమారు పదేళ్ల కాలంలో మీకూ, వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన వయోలాకూ, ఇంకా పెద్దదైన చెల్లోకూ కలిపి 120కి పైగా ట్రయోలు, అంటే మూడు వాద్యాల కృతులు, పుట్టాయి.

వాటిలో ఎక్కువ భాగం డి, జి, ఎ మేజర్ అనే మూడు శ్రుతుల్లోనే తిరుగుతాయి. దొరగారి వేళ్లు చిక్కుపడకుండా గట్టున పడాలిగా! బొటనవేలి పని కూడా పొదుపుగానే పెట్టాడు. నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, అవి బాగుంటాయి. దాదాపు అన్నిట్లోనూ వయొలిన్ లేదు కాబట్టి పైన కీచు ఉండదు. మూడు వాద్యాలూ కింది స్థాయిలోనే ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతాయి. మధ్యలో మీ వెనక తీగ ఒకటి టింగుమంటుంది. బాసుగారి కోసం బలవంతంగా రాసింది ఇంత బాగుంటే, మా లాంటివాళ్లం ఏ సాకు చెప్పుకోవాలండీ?

పాపం, హైడన్ ఒకసారి ఆశపడ్డాడు. ఆయన జీవితచరిత్రల్లో ఉన్న కథే. రాత్రుళ్లు రహస్యంగా మీతో కుస్తీ పట్టి, ఆర్నెల్లలో వాయించడం నేర్చుకుని, దొరగారికి తెలియని శ్రుతుల్లో కూడా ఆయన ఎదుటే వాయించి చూపించాడు. మెచ్చుకోలు వస్తుందనుకున్నాడు. "నువ్వు సంగీతగాడివి, ఆమాత్రం రాకపోతే ఎలా" అన్న ధోరణిలో తేల్చేశారు దొరగారు. బాస్ హాబీలో బాస్‌ని మించకూడదని ఆయనకు చెప్పే సీనియర్ ఆ కొలువులో ఒక్కడూ లేకపోయాడు!

తర్వాత దొరగారి మోజు ఆపెరాల (పాటల నాటకాల) మీదకు మళ్లింది. మీ పని అయిపోయింది. 1790లో ఆయన పోయాక హైడన్ లండన్ వెళ్లి, ఆ నగరం పేరుతో నిలిచిన 12 సింఫనీలు పూర్తిచేశాడు. ఒక్కదాంట్లోనూ తమరికి కుర్చీ వెయ్యలేదు. ఇప్పుడు మీ ట్రయోలన్నీ కలిపి 21 సీడీల సెట్టుగా దొరుకుతున్నాయి. కొనేవాళ్లకు పైనుంచి మెమో ఏమైనా వచ్చిందేమో కనుక్కుని చెప్పగలరు.

ఇట్లు,
బాస్ కరోకే పాటకు ఏటా లేచి నిలబడి చప్పట్లు కొట్టే ఉద్యోగి