నమ్మకమైన దాసుడికి గజమాల

పోయిన నెల మా ఊరి సెంటర్లో చర్చి పాస్టరుగారిది పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. తెల్ల సూటు, నల్ల కళ్ళద్దాలు, వెనక పావురం, పావురం వెనక సింహం. కింద ఎర్రక్షరాల్లో: "నమ్మకమైనవాడును బుద్ధిమంతుడునైన దాసుడు, గ్రీకు భాషా కోవిదులు, డాక్టర్ ఫలానా అయ్యగారికి జన్మదిన శుభాకాంక్షలు." రెండు వేల ఏళ్ళుగా పండితులు బుర్రలు బద్దలు కొట్టుకుంటున్న ప్రశ్నకి మా ఊళ్ళో, కూరగాయల మార్కెట్ ఎదురుగా, జవాబు దొరికిపోయింది.

ప్రశ్న అని ఊరికే అనడం లేదు. మత్తయి సువార్త 24వ అధ్యాయం 45వ వచనం తీసి చూడండి. యజమాని తన ఇంటివారికి తగినవేళ అన్నం పెట్టడానికి వారిమీద ఉంచిన నమ్మకమైన దాసుడెవడు? అని అడిగి ఊరుకున్నాడు యేసు. పేరు చెప్పలేదు. లూకా సువార్తలో పేతురు ఉండబట్టలేక, ప్రభువా, ఈ ఉపమానం మాకేనా అందరికీనా అని అడిగితే, ఆయనకీ సూటిగా జవాబు రాలేదు, ఎదురు ప్రశ్న వచ్చింది. పాపం, పేతురు కాలానికి ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపులు లేవు.

ఈ ఉద్యోగానికి మా అయ్యగారే తొలి అభ్యర్థి కారు. అమెరికాలో చార్లెస్ తేజ్ రసెల్ అనే ఆయనుండేవారు. ఇవాళ యెహోవాసాక్షులు అంటున్నామే, వాళ్ళ ఉద్యమానికి మూలపురుషుడు. ఆ దాసుడు ఈయనేనని అనుచరులు గట్టిగా నమ్మారు. 1916లో ఆయన పోయారు. పోస్టు ఖాళీ. 1927కి వచ్చేసరికి, అబ్బే, దాసుడంటే ఒక్క మనిషి కాదు, అభిషిక్తులు, అంటే పరలోకానికి ఎంపికయ్యామని నమ్మేవాళ్ళు, అందరూ కలిసి దాసుడు అన్నారు. బాగానే ఉంది. 2013 జూలైలో వాళ్ళ కావలికోట పత్రిక మళ్ళీ సవరించింది: అభిషిక్తులందరూ కాదు, సంస్థని నడిపే కొద్దిమంది పెద్దల పరిపాలక సభ మాత్రమే ఆ దాసుడు, నియామకం 1919 నుంచి. అంటే తొంభై నాలుగేళ్ళ వెనకటి తేదీతో ఆర్డరు. మన పీఆర్సీలో ఎరియర్స్ కూడా అంత వెనక్కి వెళ్ళవు. ఈ వ్యాఖ్యానం ఇచ్చింది ఎవరయ్యా అంటే ఆ పరిపాలక సభే. ఇంటర్వ్యూ బోర్డూ తామే, అభ్యర్థులూ తామే.

అసలు తప్పంతా 'దాసుడు' అనే మాటలో ఉందని నా అనుమానం. మనకి రామదాసు ఉన్నాడు, దాసోహం ఉంది, ఆ మాట చెవిన పడగానే తంబూరా వినిపిస్తుంది. గ్రీకు మూలంలో ఉన్నది 'దూలోస్'. శుభ్రంగా బానిస. డబ్బిచ్చి కొనుక్కున్న మనిషి. మన పాలేరుకైనా ఏడాదికింత జీతమని ఉండేది, వాడికి అదీ లేదు. లూకా అయితే వాడి డ్యూటీ కూడా రాశాడు: ఇంట్లోవాళ్ళ వంతు గింజలు వేళకి కొలిచి ఇవ్వడం. అంతే పని. కొలవాలి, పెట్టాలి. ఇప్పుడు ఆ ఫ్లెక్సీ తిరగరాసి "మా కొన్న బానిసగారికి జన్మదిన శుభాకాంక్షలు" అని వేయించండి, సంఘ పెద్దల్లో ఎంతమంది చందా ఇస్తారో చూద్దాం.

పుట్టినరోజు కూడిక ఆదివారం. మా పిన్ని రమ్మంటే వెళ్ళాను. అయ్యగారు కారు దిగగానే జేసీబీ తొండం పైకి లేచింది. దానికి గజమాల. డ్రైవరు కుర్రాడు కొత్తవాడేమో, దండ అయ్యగారి మెడకి అందలేదు, కళ్ళద్దాలకి తగులుకుని ఆగింది. దాసుడు కాసేపు బంతిపూల మధ్య అదృశ్యమయ్యాడు. లోపల్నుంచి "హల్లెలూయ" మాత్రం వినిపించింది.

కార్డులో పదింటికని వేశారు. పదకొండున్నరకి మొదలైంది. పరిచయ వాక్యాలు గంట. సన్మానం ముప్పావుగంట, శాలువాలు పంతొమ్మిది, నేనే లెక్కపెట్టాను. ఒంటిగంటన్నరకి అయ్యగారు వాక్యం తెరిచారు. ఏ వాక్యం? "తగినవేళ అన్నము పెట్టుట."

షామియానా వెనక చికెన్ బిర్యానీ డేగిశాలు ఆరు, మూతల మీద బరువులు పెట్టి ఉన్నాయి. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ముందు వరస పిల్లల మెడలు అటు తిరుగుతున్నాయి. అయ్యగారు "తగినవేళ"కి గ్రీకులో అర్థం చెప్పడం మొదలుపెట్టారు. "ఎన్-కై-రో! అందరూ చెప్పండి!" అందరూ చెప్పారు. రెండు గంటలైంది. "పక్కవాళ్ళ వైపు తిరిగి చెప్పండి, నీకు తగినవేళ వచ్చింది!" తిరిగి చెప్పాం. నా పక్కనాయన నా ముఖంలోకి చూసి, "ఎక్కడ వచ్చిందండీ" అన్నాడు. రెండున్నర. ఆలస్యం చేసే దాసుడి గతి ఏమవుతుందో అయ్యగారు కళ్ళకి కట్టినట్టు వర్ణిస్తున్నారు. రెండుంపావుకే ఒక చంటిపిల్లాడు రక్షణ, రాజ్యం అన్నీ వదిలేసి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. "సాతాను ఆటంకపరుస్తున్నాడు, ప్రార్థించండి" అన్నారు మైకులో. సాతానుకి ఎనిమిది నెలలుంటాయేమో, పాలకి ఏడుస్తున్నాడు.

ఇక్కడిదాకా నవ్వుకునేవాణ్ణే.

నాలుగో వరసలో ఒక ముసలావిడ. ఉపాధి హామీ పనికి వెళ్తుందట, ఆ డబ్బుల్లోనే దశమభాగం కవరులో పెట్టి తెస్తుందని మా పిన్ని చెప్పింది. షుగరు మాత్ర పొద్దున్నే వేసుకుని వచ్చింది. మూడింటికి ఆవిడ చేతులు వణకడం మొదలైంది, ఒళ్ళంతా చెమట. వెనక వడ్డనలో ఉన్న కుర్రాడొకడు చూశాడు. డేగిశా మూత కొద్దిగా జరిపి, పేపరు ప్లేటులో నాలుగు ముద్దల అన్నం తెచ్చి చేతిలో పెట్టాడు. ఆవిడ ఒక్క ముద్ద తిన్నది. బ్యాడ్జీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకడు పరుగున వచ్చి ప్లేటు లాక్కున్నాడు. "అయ్యగారింకా కేకు కొయ్యలేదు" అన్నాడు. ఆ కుర్రాడి వీపు మీద ఒక్కటిచ్చాడు కూడా.

సిగ్గులేదా? ఆవిడ కవరులోని డబ్బులతో పొయ్యి వెలిగించి, ఆవిడ నోటి దగ్గర కూడు లాక్కుంటారా? అదే ఉపమానంలో, యజమాని ఇప్పట్లో రాడులే అనుకున్న చెడ్డ దాసుడు చేసిన మొదటి నేరమేమిటో ఆ బ్యాడ్జీ పెద్దమనిషి ఎప్పుడైనా చదివాడా? తోటి దాసుల్ని కొట్టడం! తాగడం, తినడం దాని తరవాత రాశారు. స్టేజీ మీదాయన ఇదంతా చూశాడు, చూడలేదని నాతో అనకండి, ఆయనకి పది గజాల దూరంలో జరిగింది. చూసి మైకు కాస్త దగ్గరికి లాక్కుని, తనలాంటి అభిషిక్తుల జోలికి వచ్చేవారి గురించి ఇంకో పది నిమిషాలు చెప్పాడు. ఆవిణ్ణి నేనూ పిన్నీ బయటికి తీసుకెళ్ళి టీకొట్టు దగ్గర కూర్చోబెట్టాం. కొట్టతను అడక్కుండానే నాలుగు చెంచాల పంచదార వేసి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. ఆవిడ కాస్త తేరుకుని మొదట అడిగిన మాట, "అయ్యగారికి కోపం వచ్చిందా బాబూ?"

కేకు నాలుగుంపావుకి కోశారని తరవాత తెలిసింది. మూడంతస్తుల కేకట, మీద క్రీముతో కిరీటం.

అయ్యగారికి నాదొక చిన్న సలహా. లూకా 12వ అధ్యాయంలో ఈ ఉపమానం చివర దెబ్బలకి రేటు కార్డు ఉంది. యజమాని ఇష్టం తెలిసి కూడా చెయ్యనివాడికి చాలా దెబ్బలు, తెలియక చేసినవాడికి కొద్ది దెబ్బలు. కాబట్టి వచ్చే ఏడాది ఫ్లెక్సీ మీద "గ్రీకు భాషా కోవిదులు" అన్న ముక్క తీసేయించండి. రేపు లెక్క అడిగే రోజున, అయ్యా, ఆ వచనం నాకు సరిగా అర్థం కాలేదండీ అని చెప్పుకోడానికైనా వీలుంటుంది.