భద్రత అందరి బాధ్యతే అయితే, అధికారం కూడా అందరికీ ఇవ్వండి

బెంగళూరులోని మా యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీకి చేరిన ప్రతి ఒక్కరి దగ్గరా మొదటి వారంలోనే ఒక కాగితం మీద సంతకం తీసుకుంటారు. నిబంధనలన్నీ చదివాను, ల్యాబ్‌లో నా భద్రతకు నేనే బాధ్యురాలిని అని. ‘భద్రత మనందరి బాధ్యత’ అనే పోస్టర్ కూడా గోడ మీద ఉంది. ఆ మాట మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. నా కోపమల్లా బాధ్యత అప్పగించేటప్పుడు అందరినీ పిలిచి, నిర్ణయాల దగ్గర మమ్మల్ని బయటే నిలబెట్టడం మీద.

కళ్లు కడుక్కునే కుళాయి, ఐవాష్ సంగతే చూడండి. కంట్లో యాసిడ్ పడితే ఆపకుండా 15 నిమిషాలు నీళ్లతో కడగాలి, ఆ కుళాయి ఉన్నది అందుకే. వారానికోసారి తిప్పి చూడాలి, లేకపోతే పైపులో నిలవున్న నీళ్లు పాడైపోతాయి. మాది తిప్పితే ముందు బుస్సుమని గాలి వచ్చింది, తర్వాత తుప్పు రంగు నీళ్లు. బాగుచేయించమని మెయిల్ పెట్టాం. మెయింటెనెన్స్ వాళ్లు డిపార్ట్‌మెంట్ నుంచి ఇండెంట్ (రాతపూర్వక అభ్యర్థన) కావాలన్నారు. డిపార్ట్‌మెంట్ వాళ్లు మీ గైడ్ ప్రాజెక్టు డబ్బుల్లోంచి పెట్టుకోమన్నారు. ప్రాజెక్టులో దానికి పద్దే లేదు. ఐవాష్ ఇంకా అలాగే ఉంది.

మా ఫ్లోర్‌లో హౌస్‌కీపింగ్ చేసే అక్కది కదిరి వైపు. కాంట్రాక్టర్ కింద పని. పగిలిన గాజు పిపెట్లు, వాడేసిన గ్లవ్స్ ఉన్న చెత్తబుట్టలు రోజూ ఎత్తేది ఆమే. ఒకరోజు సింకు కింద సీసా చూపించి, “పాపా, ఇది ముట్టుకుంటే ఏమన్నా అయితాదా?” అనడిగింది. ముట్టుకోవద్దక్కా అన్నాను. సీసా మీద ‘వేస్ట్’ అని తప్ప ఇంకేం రాసిలేదు, అందులో ఏముందో నాకూ తెలియదు. నైట్రిక్ యాసిడ్ వేస్టులో అసిటోన్ పోసి మూత బిగిస్తే లోపల గ్యాస్ పుట్టి సీసా పేలిపోతుంది. మాకైతే ఈ సంగతి ఇంగ్లిష్ పీడీఎఫ్‌లో పంపారు. ఆమెకి కన్నడలోనో తెలుగులోనో ఒక్క ముక్క చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. అది కాంట్రాక్టర్ చూసుకోవాలని యూనివర్సిటీ అంటుంది, యూనివర్సిటీ వాళ్లే చెప్పాలని కాంట్రాక్టర్ అంటాడు.

ఇలాంటి చోటే ప్రాణాలు పోతాయి. ఇదే బెంగళూరులో, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్సీ) షాక్‌వేవ్ ల్యాబ్‌లో 2018 డిసెంబర్ 5న సిలిండర్ పేలి ఒక యువ పరిశోధకుడు అక్కడికక్కడే చనిపోయాడు, ముగ్గురు గాయపడ్డారు. ల్యాబ్ ఐఐఎస్సీది, వాళ్లు పనిచేస్తున్నది మాత్రం ఒక స్టార్టప్‌కి. ఢిల్లీ యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగం 1985 నుంచి వాడకుండా వదిలేసిన గామా కిరణాల యంత్రాన్ని 2010లో తుక్కు కింద వేలం వేసింది. అందులోని రేడియోధార్మిక పదార్థం కోబాల్ట్-60 ఢిల్లీలోని మాయాపురి తుక్కు మార్కెట్లో బయటపడి, రేడియేషన్ సోకి ఒక కార్మికుడు చనిపోయాడు. ఆయన ఏ నిబంధనల కాగితం మీదా సంతకం పెట్టలేదు.

భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదకర రసాయనాలు వాడేచోట సేఫ్టీ కమిటీ ఉండాలని, అందులో యాజమాన్యం వైపు ఎంతమంది ఉంటే కార్మికుల వైపు అంతమంది ఉండాలని రాశారు. ప్రాణాపాయం కనిపిస్తే హెచ్చరించే హక్కు కార్మికుడికి ఇచ్చారు, వినగానే చర్య తీసుకోవాల్సిన బాధ్యత యాజమాన్యం మీద పెట్టారు. బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడ ఫ్యాక్టరీల్లో పనిచేసే మనిషికి కాగితం మీదైనా దక్కిన ఈ హక్కు, అవే యాసిడ్లు, అవే సిలిండర్లు వాడే స్కాలర్‌కి ఎందుకు ఉండకూడదు? మా యూనివర్సిటీ సేఫ్టీ కమిటీలో అందరూ ప్రొఫెసర్లే. రాత్రి పదకొండింటికి ల్యాబ్‌లో ఉండేది మేము.

స్టూడెంట్ల తప్పేమీ లేదా అంటారు. ఉంది. గాగుల్స్ నుదుటి మీదకి తోసేసి పనిచేసేవాళ్లున్నారు, విషవాయువుల్ని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ నిండా అట్టపెట్టెలు కుక్కేవాళ్లున్నారు. వాళ్లని ఆపాల్సిందే. కానీ “సార్, ఇప్పుడు ఈ ప్రయోగం ప్రమాదం” అంటే థీసిస్ ఏడాది వెనక్కి పోతుందేమోనన్న భయం ఉన్నచోట ఎవరు నోరు విప్పుతారు?

కమిటీలో సగం సీట్లు స్కాలర్లకి, టెక్నీషియన్లకి, హౌస్‌కీపింగ్ వాళ్లకి ఇవ్వండి. ప్రయోగం ఆపమన్నవాళ్ల మీద కక్ష సాధించకూడదని రాసివ్వండి. ఐవాష్ బాగుచేయించేంత డబ్బైనా ఆ కమిటీ చేతిలో పెట్టండి.

పిల్లల్ని చేర్పించడానికి అనంతపురం నుంచి, నెల్లూరు నుంచి వచ్చే తల్లిదండ్రులకి కూడా ఒక మనవి. ప్లేస్‌మెంట్లు, హాస్టల్ భోజనం గురించి ఎలాగూ అడుగుతారు. ల్యాబ్ కూడా చూపించమనండి, సేఫ్టీ కమిటీలో విద్యార్థులు ఎంతమంది ఉన్నారో అడగండి. మా మెయిళ్లకి జవాబు రావడం లేదు, ఫీజు కట్టే మీరు అడిగితే వస్తుంది.