నడిసముద్రంలో నైరుతి ముఖం

సముద్రాన్ని చూసే విషయంలో విశాఖపట్నానికి ఇంతవరకు ఒక క్రమశిక్షణ లేదు. ఆర్కే బీచ్ గోడ మీద మురీ మిక్చర్ పొట్లంతో కూర్చున్న మనిషికీ, వెనక పదో అంతస్తులో కోట్లు పోసి ఫ్లాటు కొన్న పెద్దమనిషికీ ఒకటే సముద్రం కనిపిస్తోంది. పైగా గోడ మీది మనిషికి కిటికీ గ్రిల్లు తుప్పు పడుతుందన్న బెంగ కూడా లేదు. ఇటువంటి అరాచకాన్ని నాగరిక సమాజం ఎంతకాలమని సహిస్తుంది? విహార నౌకల కోసం మన రేవులో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైనప్పుడు నా మనసు కుదుటపడింది. ఇకమీదట మన సముద్రానికి కూడా తరగతులుంటాయి.

క్రూజ్ నౌకలో వర్ణవ్యవస్థ చాలా స్పష్టం. అన్నిటికంటే తక్కువది కిటికీ లేని లోపలి గది. తరువాత కిటికీ గది, దాని మీద బాల్కనీ గది, ఆపైన సూట్. వీటన్నిటికీ శిఖరం ముందుచూపు సూట్. నౌకను నడిపే గదికి, అంటే బ్రిడ్జికి, కాస్త పైనో కిందో, ముక్కుసూటిగా సముద్రంలోకి చూస్తూ ఉంటుంది. బాల్కనీవాడు చూసేది నౌక పక్కనుంచి దాటిపోతున్న నీళ్లు, అంటే ఎంగిలి సముద్రం. ముందు సూట్‌వాడిది తాజా సముద్రం. అతడు డబ్బు పోసి కొనేది నీళ్లనని ఎవరైనా అనుకుంటే అమాయకులు. తన ముందు ఇంకొకడు లేకపోవడాన్ని కొంటున్నాడు. సింహాచలం చందనోత్సవానికి సిఫారసు కోసం ఫోన్లు చేసినవారికి ఈ సౌఖ్యం గురించి నేను వివరించనక్కరలేదు. పెద జాలారిపేట నుంచి తెప్ప మీద వేటకు పోయే జాలరి ముందు కూడా ఎవరూ ఉండరు, నిజమే. కానీ ఆయన దగ్గర రసీదు లేదు.

ఇక గది ఎంచుకునే ముందు తెలుగువాడు అడిగి తీరవలసిన ప్రశ్న ఒకటుంది: ముఖం ఎటు? ట్రావెల్ ఏజెంటు "ముందుకండీ" అంటాడు. అష్టదిక్కుల్లో ముందు అనే దిక్కు ఏ పంచాంగంలోనూ లేదు. 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే నౌక మన ఊరు వచ్చి పుదుచ్చేరి, చెన్నైల దారి పట్టింది. ఆ దారిన వెళ్లే నౌక తీరం వెంబడి దాదాపు నైరుతికి సాగుతుంది. అంటే ముందు సూట్ నౌకకు నైరుతి భాగమన్నమాట. యజమాని పడకగది నైరుతిలోనే ఉండాలని వాస్తు ఘోషిస్తోంది కాబట్టి ఇంతవరకు దివ్యంగా కుదిరింది. అయితే నైరుతి బరువుగా, మూసి ఉండాలి కదా, అక్కడేమో నిలువెత్తు అద్దాలు. సరే, బరువుకు మనవాళ్ల పెట్టెలు చాలు, అందులోని ఊరగాయ జాడీలే సగం దోషాన్ని తీరుస్తాయి. అసలు ప్రమాదం తిరుగు ప్రయాణంలో పొంచి ఉంది. నౌక విశాఖ వైపు తిరగగానే అదే గది ఈశాన్యమైపోతుంది. దేవుడి మూలలో మంచం, మంచం పక్కనే మరుగుదొడ్డి! కనుక విజ్ఞులు వెళ్లేటప్పుడు ముందు సూట్, వచ్చేటప్పుడు వెనక సూట్ తీసుకోవాలని నా సలహా.

ఇది మా బావగారికి చెబితే ఆయన ఇంకా లోతుకు వెళ్లారు. "దక్షిణానికి తలపెట్టి పడుకోవాలి కదా బావగారూ! నౌక మలుపు తిరిగినప్పుడల్లా మంచం తిప్పే మనిషిని ఇస్తారేమో ముందే కనుక్కోండి" అన్నారు. కనుక్కున్నాను. ఇవ్వరట.

వాస్తు తరువాత వాయువు. విశాఖలో క్రూజ్‌లు వచ్చే జూన్‌లోనే నైరుతి రుతుపవనాలు కూడా వస్తాయి. పేరులోనే చిరునామా ఉంది: గాలి నైరుతి నుంచి వస్తుంటే నౌక నైరుతికి పోతుంది. నౌక వేగం 20 నాట్లనుకుంటే గంటకు 37 కిలోమీటర్లు. ఎదురుగాలి 15 నాట్లనుకుంటే మరో 28. మొత్తం 65. తీవ్ర వాయుగుండంలో గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితే మన వాతావరణ శాఖ దానికి తుఫానుగా పదోన్నతి ఇస్తుంది. అంటే ముందు సూట్ బాల్కనీలో కాఫీ కప్పుతో నిలబడినవాడు సొంత ఖర్చుతో, ఒక్కడి కోసం ఏర్పాటైన తుఫానులో నిలబడ్డాడన్నమాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను చూసిన ఊరికి తుఫాను కొత్త కాదు. అద్దె కట్టి తెచ్చుకోవడమే కొత్త. కొన్ని నౌకల్లో ఈ గదులకు బాల్కనీయే ఉండదు, తెరుచుకోని దళసరి అద్దం ఉంటుంది. కట్టినవారికి గాలి సంగతి తెలుసు.

నౌక అలల మీద లేచి పడేటప్పుడు నడుమ కదలిక తక్కువ, ఏతాం కొసలా ముందు వెనకల భాగాలు బాగా లేచి దిగుతాయి. కింది అంతస్తులో నడిమధ్య, కిటికీ లేని గదివాడు గుర్రుపెట్టి నిద్రపోతాడు. పాపం, అనుభవ దారిద్ర్యం! పైనున్న ధనికుడు మాత్రం ప్రతి అలనూ స్వయంగా, కడుపుతో సహా, ఆస్వాదిస్తాడు.

చీకటి పడ్డాక మరో గౌరవం దక్కుతుంది. ముందు గదుల వెలుతురు బ్రిడ్జి మీద కాపలా కాసేవారి చూపుకు అడ్డం వస్తుందని, రాత్రిపూట కర్టెన్లు మూసి ఉంచమని కోరతారు. చూపు కోసమే ఇంత పోసినవాడు పన్నెండు గంటలపాటు కర్టెన్ గుడ్డ మీది పువ్వులు చూస్తాడు. లేదా దీపాలన్నీ ఆర్పి, చీకట్లో కూర్చుని చీకటిని చూస్తాడు. పగలు మాత్రం ఏముంటుంది? నౌక రేవు దాటగానే డాల్ఫిన్స్ నోస్, బీచ్ రోడ్డు, కైలాసగిరి వెనక్కు వెళతాయి. వాటిని చూడాలంటే వెనక గదివాడి తలుపు తట్టాలి. తీరం కుడివైపు, సూర్యోదయం ఎడమవైపు. ఎదురుగా శుద్ధమైన నీళ్లు, ఏ దృశ్యంతోనూ కలుషితం కానివి.

ఇంత పరిశుభ్రమైన వ్యవస్థలోనూ కొందరు సమసమాజవాదులు చొరబడ్డారు. చాలా నౌకల్లో ముక్కు దగ్గర కెమెరా పెట్టి, ఆ దృశ్యాన్నే ప్రతి గది టీవీలో చూపిస్తారు. పై అంతస్తులో ముందువైపు అద్దాల హాలు కట్టి అందరినీ రానిస్తారు. లోపలి గదివాడు అక్కడ పేపరు చదువుకుంటూ, మధ్యలో ఒకసారి తలెత్తి, లక్షల విలువైన దృశ్యాన్ని ఆవలిస్తూ చూడటం నేను ఊహించగలను. దీనిమీద ప్రజాప్రతినిధులెవరూ నోరు విప్పకపోవడం విచారకరం.

అన్నిటికంటే దారుణం గమ్యం చేరినప్పుడు జరుగుతుంది. నౌక రేవుకు ముక్కుతో చేరదు, పక్కవాటుగా ఆనుకుంటుంది. దిగే మెట్లు తరచుగా కింది అంతస్తులో, నడిమి భాగానికి దగ్గరగా వేస్తారు. నిద్ర తీరి లేచిన లోపలి గదివాడికి అది నాలుగు అడుగుల దూరం. ముందు సూట్‌వారు పొడవాటి నడవా నడిచి, లిఫ్టు కోసం నిలబడి, దిగి వచ్చేసరికి వరుసలో వారి ముందు ఎంతమంది ఉంటారో! నౌక ముక్కు నుంచి సూటిగా ఒక ప్రత్యేక నిచ్చెన వేయాలని టెర్మినల్ అధికారులకు వినతిపత్రం సిద్ధం చేశాను. ఆ నిచ్చెన ఈశాన్యం వైపు దిగేలా ఉండాలని బావగారు ఒక సవరణ చేర్చి సంతకం పెట్టారు.