ఆ కొబ్బరి చిప్ప బొమ్మ ఎవరు వేశారో గానీ

కోనసీమలో హైస్కూలు పిల్లలు డ్రాయింగ్ పీరియడ్‌లో డెంగీ మీద పోస్టర్లు వేశారన్న వార్త చదివి, ఫొటోలన్నీ పెద్దవి చేసుకుని చూశాను. ముప్పై ఏళ్లు బోర్డులు రాసి బతికినవాణ్ణి లెండి. ఫ్లెక్సీలొచ్చాక కుంచె అటకెక్కింది.

చాలామంది మురుగు కాలువ, దాని మీద పేద్ద దోమ వేశారు. బొమ్మలు బాగున్నాయి. కానీ డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఎక్కువగా నిలవున్న మంచినీళ్లలో, కుట్టేది పగలు. ఒక్క పోస్టర్లో మాత్రం కొబ్బరి చిప్ప, అందులో వాన నీళ్లు, తలకిందులుగా వేలాడుతున్న పిల్ల పురుగులు. చూసి గీసిన బొమ్మ అది! పెరట్లో చిప్పల కుప్ప లేని ఇల్లు మా వైపు ఎన్నుంటాయి? గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. వారానికోసారి నిలవ నీళ్లన్నీ పారబోయాలని శుక్రవారం డ్రై డే అనేది అందుకే.

అక్షరాల దగ్గరే దెబ్బతిన్నారు. ‘పరిసరాల పరిశుభ్రత’ అని పసుపు అట్ట మీద తెల్లరంగుతో రాస్తే పది అడుగుల నుంచి ఏం కనిపిస్తుంది? నలుపుతో రాయాలి. కింద వత్తులకు చోటు వదలాలి, లేకపోతే క్రావడి వెళ్లి అంచులో ఇరుక్కుంటుంది. అసలు అన్ని మాటలెందుకు, ‘చిప్ప బోర్లించండి’ అంటే సరిపోదూ?

డ్రాయింగ్ మాస్టారూ, ఆ చిప్ప బొమ్మని స్కూలు వరండాలో కాదండి, కొబ్బరికాయలు ఒలిచే చోట అంటించండి.